అతుకు బతికాక

పెదవి, అంగిలి ఒకవైపు పూర్తిగా చీలి పుట్టిన బిడ్డకు ఏ వయసులో, ఏ వరసలో, ఎలా ఆపరేషన్ చేస్తారని 1990ల చివర్లో యూరప్ వైద్య బృందాలను ఒక అధ్యయనం అడిగింది. యూరోక్లెఫ్ట్ దాని పేరు. 201 బృందాల వివరాలు చేరాయి. వాటిలో 194 రకాల పద్ధతులు తేలాయి. అంటే దాదాపు ఎవరి దారి వారిదే. ఒక్కొక్కరూ తమ గురువు చేసినట్టు చేస్తూ, శిష్యులకు అదే నేర్పుతూ వచ్చారు. ఏ దారి బిడ్డకు మేలో చెప్పగల కొలత మాత్రం చాలామంది దగ్గర లేదు.

పునర్నిర్మాణ ప్లాస్టిక్ సర్జరీలో పరిశోధననూ శిక్షణనూ విడివిడిగా చూడలేమని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఆధారం నాకు కనబడలేదు. ఇది చేతి నుంచి చేతికి దిగే విద్య. దాని బలమూ బలహీనతా రెండూ అందులోనే ఉన్నాయి. చరిత్ర తిరగేస్తే ఒక సంగతి పదేపదే ఎదురవుతుంది. అతికించిన చర్మం బతికిందా లేదా అన్న చోట ఆగిపోయినప్పుడు ఈ విద్య అక్కడే తిరిగింది. అతుకు బతికాక ఆ మనిషి ఏం చేసుకోగలుగుతున్నాడని అడిగినప్పుడు ముందుకు నడిచింది. ఆ ప్రశ్నను ఒకప్పుడు మన దేశంలో చాలా గట్టిగా అడిగారు. ఇప్పుడు అంత గట్టిగా అడగడం లేదన్నదే నా బాధ.

మంటల్లో కాలి, గడ్డం ఛాతీకి అంటుకుపోతే విడదీయడం, నోటి క్యాన్సర్‌కు దవడ తీసేసిన చోట కాలిలోని సన్న ఎముకతో కొత్త దవడ కట్టడం, లారీ కింద నలిగి ఎముక బయటపడ్డ కాలిని కండతో కప్పడం, కుష్టుతో ముడుచుకుపోయిన వేళ్ళను తెరవడం, గ్రహణం మొర్రి సరిచేయడం, ఇవన్నీ ఈ శాఖ పనులే. చేసే మార్గాలు ప్రధానంగా రెండు. నారు పీకి వేరే మడిలో నాటినట్టు పలుచని చర్మాన్ని పూర్తిగా వేరుచేసి గాయం మీద పరిస్తే అది గ్రాఫ్ట్. అడుగున రక్తం ఆడే నేల ఉంటేనే అది పడుతుంది. తన రక్తనాళాలను తనతో తెచ్చుకునే చర్మం, కండ, ఎముకల ముక్క ఫ్లాప్. ఎముక బట్టబయలైన చోట గ్రాఫ్ట్ పట్టదు, ఫ్లాప్ కావాలి.

సుశ్రుతుడి పేరెత్తగానే చెంప చర్మంతో ముక్కు కట్టిన సంగతి చెబుతారు. శిక్షణ వైపు నుంచి చూస్తే సుశ్రుత సంహిత సూత్రస్థానంలోని తొమ్మిదో అధ్యాయం, యోగ్యాసూత్రీయం, అంతకన్నా విలువైనది. శాస్త్రమంతా చదివినా చేతితో సాధన చేయనివాడు చికిత్సకు తగడని అక్కడ ఉంది. ఏ పనికి దేని మీద సాధన చేయాలో కూడా ఉంది. కోతకు గుమ్మడి, సొర, దోస వంటి కాయలు. చీల్చడానికి నీళ్ళూ బురదా నింపిన తోలుసంచులు. సిర పొడవడానికి చచ్చిన జంతువుల సిరలు, తామరతూళ్ళు. కుట్టుకు బట్ట అంచులు, మెత్తని తోలు. కట్టుకు బొమ్మమనిషి. తెగిన చెవితమ్మె అతకడానికి మెత్తని మాంసపు ముక్క. రోగి ఒంటిమీద చెయ్యి వేసేలోపే చెయ్యి తిరగాలన్న ఈ పట్టుదల ఈనాటి శిక్షణాలయాలన్నిటికీ పునాది లాంటిది.

18వ శతాబ్దానికి వచ్చేసరికి ముక్కు కట్టే పని కొన్ని కుటుంబాల చేతిపనిగా కనబడుతుంది. 1794 అక్టోబరులో లండన్ 'జెంటిల్‌మన్స్ మ్యాగజైన్' ఒక ఉత్తరం అచ్చువేసింది. ఇంగ్లీషు సైన్యం వెంట ఎడ్లు తోలిన కౌవస్‌జీ టిప్పు సైనికులకు చిక్కి ముక్కూ చెయ్యీ పోగొట్టుకోగా, పుణె దగ్గర ఒక కుమ్మరి అతని నుదుటి చర్మంతో ముక్కు కట్టాడని అందులో ఉంది. ఆ కుమ్మరి పేరు ఆ ఉత్తరంలో లేదు. చూసి రాసుకున్న ఇంగ్లీషు వైద్యుల పేర్లు మాత్రం నిలిచాయి. ఆ కథనం చదివిన జోసెఫ్ కార్ప్యూ శవాల మీద ఏళ్ళపాటు సాధన చేసి, 1814లో లండన్‌లో ఆ ఆపరేషన్ చేసి, 1816లో పుస్తకం వేశాడు. అక్కణ్ణించి అది యూరప్ అంతా పాకింది. కుమ్మరి చేతి నైపుణ్యం కార్ప్యూకన్నా తక్కువదేమీ కాదు. రాసిపెట్టే అలవాటు ఒక్కటే తేడా. 1889లో జునాగఢ్ సంస్థాన వైద్యుడు త్రిభువనదాస్ మోతీచంద్ షా తాను కట్టిన వంద ముక్కుల వివరాలను పుస్తకంగా వేశాడంటే, ఆ అలవాటు మనవాళ్ళకూ అబ్బిందన్నమాట.

మొదటి ప్రపంచ యుద్ధం ఈ విద్యను ఒక శాఖగా నిలబెట్టింది. 1917లో ఇంగ్లండులోని సిడ్‌కప్‌లో తెరిచిన ఆసుపత్రిలో హెరాల్డ్ గిలీస్ ముఖాలు పగిలిన వేలాది సైనికులకు దశలవారీగా ఆపరేషన్లు చేశాడు. ఒక్కో ముఖాన్ని ఫొటో తీసి, చిత్రకారుడు హెన్రీ టాంక్స్ చేత గీయించి, ప్రతి దశనూ నమోదు చేయించాడు. వివిధ దేశాల వైద్యులు అక్కడ కలిసి పనిచేసి నేర్చుకున్నారు. ఆ రికార్డులే వాళ్ళ పాఠ్యపుస్తకాలు.

రెండో యుద్ధంలో పరిశోధన ఇంకో మలుపు తిరిగింది. గ్లాస్గోలో తీవ్రంగా కాలిన ఒక యువతికి ఆమె సోదరుడి చర్మం చిన్నచిన్న ముక్కలుగా అతికించారు. కొన్నాళ్ళకు అవి రాలిపోయాయి. అదే చర్మం రెండోసారి పెడితే ఇంకా త్వరగా రాలిపోయింది. శరీరం పరాయి చర్మాన్ని గుర్తుపెట్టుకుని తిప్పికొడుతోందన్న సంగతి సర్జన్ థామస్ గిబ్సన్, జీవశాస్త్రవేత్త పీటర్ మెడవార్ 1943లో రాసిన పత్రంలో బయటపడింది. మెడవార్‌కు 1960లో నోబెల్ వచ్చింది. యుద్ధంలో కాలిన సైనికులకు చికిత్స చేసిన ప్లాస్టిక్ సర్జన్ జోసెఫ్ ముర్రే 1954లో బోస్టన్‌లో కవలల మధ్య కిడ్నీ మార్పిడి చేసి, 1990లో నోబెల్ అందుకున్నాడు. ఈ రోజు కిడ్నీ, గుండె, కాలేయం మార్పిడి జరుగుతున్నాయంటే దాని వేరు కాలిన గాయాల వార్డులో ఉంది. ప్లాస్టిక్ సర్జరీ పరిశోధనకు నిధులెందుకని అడిగేవారికి ఈ ఒక్క కథ చాలు.

ఇక వెల్లూరు. ఇక్కడ కాస్త ఆగాలి.

1946లో సర్జన్ పాల్ బ్రాండ్ వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చాడు. చెంగల్పట్టులోని కుష్టు ఆశ్రమానికి కుష్టు వైద్యుడు రాబర్ట్ కాక్రేన్ అతన్ని తీసుకెళ్ళి చూపించాడు. గద్దగోళ్ళలా ముడుచుకుపోయిన ఒక రోగి చెయ్యి పట్టుకున్నప్పుడు ఆ పట్టు బలంగా తగిలింది. చెయ్యంతా చచ్చిపోలేదని, కొన్ని నరాలు దెబ్బతిన్నాయే తప్ప ముంజేతి కండరాలు పనిచేస్తున్నాయని బ్రాండ్‌కు అర్థమైంది. పనిచేసే కండరపు స్నాయువును తీసి, చచ్చుబడిన వేలికి కలిపితే వేలు మళ్ళీ తెరుచుకోవచ్చు. 1948 నుంచి ఆ ఆపరేషన్లు మొదలయ్యాయి. చేతులు తెరుచుకున్నాయి కూడా.

తర్వాత జరిగిందే ముఖ్యం. చెయ్యి బాగుపడినవాళ్ళలో కొందరు భిక్షతో బతికేవాళ్ళు. వేళ్ళు తెరుచుకున్నాక బిచ్చం రాలలేదు. పని ఇచ్చేవాళ్ళూ లేరు. ఆపరేషన్ విజయం, మనిషి రోడ్డు మీద. అందుకని 1951లో 'న్యూ లైఫ్ సెంటర్' పెట్టి వడ్రంగం వంటి పనులు నేర్పారు. అక్కడ ఇంకో చిక్కు ఎదురైంది. బాగుచేసిన వేళ్ళకు మళ్ళీ పుళ్ళు పడుతున్నాయి. కుష్టు మాంసాన్ని తినేస్తుందన్నది అప్పటి నమ్మకం. బ్రాండ్ బృందం ఆ నమ్మకాన్ని అలా వదిలేయలేదు. రోజూ ప్రతి ఒక్కరి చేతులూ కాళ్ళూ చూసి, కొత్తగా వచ్చిన ప్రతి గాయానికీ కారణం వెతికారు. తుప్పుపట్టిన తాళంలో తాను తిప్పలేకపోయిన తాళంచెవిని ఒక కుర్రాడు అవలీలగా తిప్పాడనీ, వాడి వేలు ఎముకదాకా తెగినా వాడికి తెలియలేదనీ బ్రాండ్ రాశాడు. వేడిగిన్నె, సుత్తిపిడి, నిద్రలో కొరికిన ఎలుక, ఇలా ఒక్కో పుండుకూ ఒక్కో కారణం దొరికింది. వేళ్ళు పోవడానికి కారణం రోగం తినేయడం కాదు, నొప్పి తెలియకపోవడం. ఆ గ్రహింపు నుంచి మెత్తని మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులు పుట్టాయి. స్పర్శ పోయిన మధుమేహ పాదాల రక్షణకూ ప్రపంచమంతటా ఇదే ఆలోచన పనికొచ్చింది.

ఇందులో ఖరీదైన యంత్రమేదీ లేదు. ఆపరేషన్ అయ్యాక మనిషి వెంట వెళ్ళి, ఏం జరుగుతోందో రోజూ రాసుకోవడం ఒక్కటే ఉంది. వెల్లూరు పక్కనే కరిగిరిలో 1955లో మొదలైన పరిశోధనాలయం సర్జన్లతోపాటు ఫిజియోథెరపీ సహాయకులనూ తయారుచేసింది. చోటు మార్చిన కండరానికి కొత్త పని నేర్పాలి కదా. మణికట్టు ఎత్తే కండరం ఇప్పుడు వేలు తెరవాలి. అది నేర్పేది సర్జన్ కాదు, వారాల తరబడి పక్కన కూర్చునే థెరపిస్టు. తెలుగునాట డిచ్‌పల్లి, సాలూరు కుష్టు ఆసుపత్రులు దశాబ్దాలుగా ఈ రోగులకు ఆసరాగా నిలిచాయి. వీటి పేర్లు మన వైద్య విద్యార్థుల్లో ఎందరికి తెలుసు?

బొంబాయిలో ఎన్.హెచ్. అంటియా కుష్టు రోగుల ముఖాలు సరిచేస్తూ ఇంకో దారిలో ఇదే చోటికి చేరాడు. చెవి అంచు కట్టడానికి ఆయనా బుచ్ కలిసి 1967లో ప్రకటించిన పద్ధతి ఇప్పటికీ వారి పేర్లతోనే ప్రపంచమంతా వాడుకలో ఉంది. జె.జె. ఆసుపత్రిలో అంత పేరున్న సర్జన్, చివరికి పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తల శిక్షణకు తన కాలమంతా ఇచ్చాడు.

మైక్రోసర్జరీ వచ్చాక సాధన అన్న మాటకు అర్థం పెరిగింది. 1960లో అమెరికాలో జాకబ్సన్ మైక్రోస్కోపు కింద సన్న రక్తనాళాలు కుట్టి చూపాడు. 1965లో జపాన్‌లో కొమత్సు, తమాయ్ పూర్తిగా తెగిన బొటనవేలిని తిరిగి అతికించారు. ఒక మిల్లీమీటరు నాళాన్ని, వెంట్రుక కన్నా సన్నని దారంతో, లోపలి పొర చెదరకుండా కుట్టాలి. ఒక్క కుట్టు అవతలి గోడను పట్టుకుంటే నాళం మూసుకుపోతుంది. ఈ చెయ్యి పుస్తకంతో రాదు. మొదట రబ్బరు గ్లౌజు ముక్క మీద, తర్వాత సిలికాన్ గొట్టం మీద, ఆపైన ఎలుక తొడ నాళం మీద సాధన చేయాలి. జంతు ప్రయోగాలకు అనుమతులు కష్టమైన చోట కోడికాలి నాళంతో సరిపెడుతున్నారు. అది సరిపెట్టుకోవడమేనని నేననుకోను. తొలి దశల్లో కోడికాలు చక్కగా పనికొస్తుంది, ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. అయితే రక్తం పారని నాళంలో గడ్డకట్టడం కనబడదు. అందుకే ఆఖరి మెట్టు మాత్రం ప్రాణమున్న నాళం మీదే జరగాలి.

ఎప్పుడు చేయాలన్నదీ ఎలా చేయాలన్నంత పెద్ద ప్రశ్నే. లుబ్లియానా సర్జన్ మార్కో గోడినా 532 మంది రోగుల మీద తీసిన ఫలితాలు 1986లో అచ్చయ్యాయి. గాయమైన 72 గంటల్లోపు ఫ్లాప్ కప్పితే నూటికి ఒక్కటి కూడా పోలేదు. ఆ తర్వాత మూడు నెలల్లోపు చేసినవాటిలో 12 శాతం పోయాయి. ఆ లెక్క వెనక్కి తిరిగి చూసి తీసింది. సర్జన్ చెయ్యి కాలంతోపాటు తిరగడం కూడా అందులో కలిసే ఉంటుందని విమర్శకులు సరిగానే అన్నారు. అయినా ప్రపంచమంతటా ఆచరణ మారింది. మనకు చిక్కు ఇంకోచోట ఉంది. ఊరి ఆసుపత్రి, తాలూకా, జిల్లా దాటి మన రోగి పెద్దాసుపత్రి చేరేసరికే ఆ గంటలు గడిచిపోతాయి.

బయటి లెక్కలు మనకు అతకని చోట మన లెక్క తీసినందుకే కోయంబత్తూరు గంగా ఆసుపత్రి పని నాకు గొప్పగా అనిపిస్తుంది. నలిగిన కాలిని నిలబెట్టాలా, తీసేయాలా అన్నదానికి విదేశీ కొలమానాలు రక్తప్రసరణ దెబ్బతిన్న కాళ్ళను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. రక్తం ఆడుతూ, చర్మం, ఎముక, కండ చితికిన కాళ్ళకు అవి సరిగా చెప్పలేవు. 109 గాయాలను పరిశీలించి, చర్మానికీ ఎముకకూ కండకూ విడివిడిగా మార్కులు వేసే గంగా స్కోరును 2006లో ప్రచురించారు. 14 లేదా అంతకు తక్కువైతే కాలు నిలబెట్టవచ్చు. 17, ఆపైన అయితే తీసేయడమే మేలు. మధ్యలో ఉన్నవాటికి అనుభవజ్ఞుడి తీర్పు కావాలి. మన రోడ్ల ప్రమాదాల నుంచే పుట్టిన జ్ఞానం ఇది. ప్లాస్టిక్ సర్జన్, ఎముకల సర్జన్ ఒకే గాయాన్ని మొదటి రోజే కలిసి చూడటం వల్లే అది సాధ్యమైంది.

కాలిన గాయాలలోనూ మనకు మంచి పరిశోధన వారసత్వం ఉంది. మన దేశంలో ఏటా పదిలక్షల మందికి పైగా మధ్యస్థంగానో తీవ్రంగానో కాలుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఖరీదైన డ్రెస్సింగులు అందని చోట బొంబాయిలో కేశ్వానీ బృందం 1985లో బంగాళాదుంప తొక్కల పట్టీని పరీక్షించింది. తర్వాత ఇంకొకరు అరటాకును పరీక్షించారు. షోలాపూర్‌లో ఎం. సుబ్రహ్మణ్యం 1991లో 104 మంది మీద తేనె ప్రయోగం ప్రచురించారు. పైపైన కాలిన గాయాలకు తేనె మేలు చేస్తుందని తర్వాతి సమీక్షలూ చెప్పాయి. నేను మరీ గౌరవించేది ఆయన 1999 పత్రాన్ని. కాలిన పొరను త్వరగా చెక్కేసి చర్మం అతికించే పద్ధతితో తన తేనెనే పోల్చి, మధ్యస్థంగా కాలిన గాయాలకు ఆపరేషనే మేలని ప్రకటించారు. తనకు పేరు తెచ్చిన మందు ఓడిందని తానే రాయడం. ప్లాస్టిక్ సర్జరీ ఎం.సి.హెచ్. విద్యార్థులందరికీ మొదటి సంవత్సరంలోనే ఆ రెండు పత్రాలూ పక్కపక్కన పెట్టి చదివించాలి.

త్వరగా చెక్కేసే ఆ పద్ధతిని స్లొవేనియా సర్జన్ జోరా యాంజెకోవిచ్ 1970లో లోకానికి చెప్పింది. దానికి కప్పడానికి చర్మం కావాలి. సగం ఒళ్ళు కాలినవాడి దగ్గర అంత చర్మం ఉండదు. చనిపోయినవారి తొడ, వీపు నుంచి ఆరు గంటల్లోపు పలుచగా తీసిన చర్మాన్ని గ్లిసరాల్‌లో ఏళ్ళపాటు నిల్వ ఉంచవచ్చు. రక్తం గ్రూపు కలవాల్సిన పనిలేదు. మెడవార్ చూపినట్టు ఎలాగూ రాలిపోతుంది, కానీ ఆ రెండు మూడు వారాలే ప్రాణం నిలుపుతాయి. 2021లో హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో చర్మ బ్యాంకు మొదలైంది. నేత్రదానం తెలిసిన ఇళ్ళలోనూ చర్మదానం మాట ఇంకా కొత్తే.

గ్రహణం మొర్రి దగ్గరికి మళ్ళీ వద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు వెయ్యి జననాలకు ఒక బిడ్డ ఇలా పుడుతోందని హైదరాబాద్ బృందం 2010లో ప్రచురించింది. అంగిలిని ఆరు నెలలకు మూయాలా, ఏడాదికా అన్న పాత వివాదం మీద యూరప్, దక్షిణ అమెరికా కేంద్రాలు కలిసి 558 మంది పసివాళ్ళతో ప్రయోగం నడిపి, ఐదేళ్ళ వయసులో వాళ్ళ మాట విని, 2023లో ఫలితం చెప్పాయి. ఆరు నెలలకు చేసినవాళ్ళలో గాలి ముక్కులోకి జారే లోపం 8.9 శాతం, ఏడాదికి చేసినవాళ్ళలో 15 శాతం. ఒక్క ప్రశ్నకు జవాబు కోసం ఐదేళ్ళు పిల్లలను వదలకుండా పట్టుకున్నారు. మన దగ్గర పిల్లల సంఖ్యకు కొదవలేదు. దాతృసంస్థల సాయంతో ఉచిత ఆపరేషన్లూ జరుగుతున్నాయి. కుట్లు మానాక బిడ్డకు మాట నేర్పే స్పీచ్ థెరపిస్టు మాత్రం చాలా జిల్లాల్లో దొరకరు. 'ప, బ' పలకలేని పిల్ల బడిలో మౌనంగా కూర్చుంటే, పెదవి మీది మచ్చ ఎంత సన్నగా ఉంటే ఏం లాభం?

ఇప్పటి మన శిక్షణ ఎలా ఉంది? ఎం.ఎస్. తర్వాత మూడేళ్ళ ఎం.సి.హెచ్., లేదా ఎం.బి.బి.ఎస్. తర్వాత ఆరేళ్ళ డి.ఆర్.ఎన్.బి. ఉస్మానియా, నిమ్స్, విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రి వంటి చోట్ల చేతికి దొరికే కేసుల వైవిధ్యం పాశ్చాత్య విద్యార్థులు కలలో కూడా చూడలేనిది. ఇది నిజమైన బలం. విద్యార్థి లాగ్‌బుక్కులో ఎన్ని చేశాడన్నది నిండుతుంది. ఎంత బాగా చేశాడు, ఆరు నెలలకు ఆ చెయ్యి ఏమైంది అన్నవాటికి గడి ఉండటం అరుదు. థీసిస్ కూడా రెండేళ్ళలో ముగియాలి గనుక, రెండేళ్ళలో జవాబు దొరికే చిన్న ప్రశ్ననే ఎంచుకుంటారు. తప్పు విద్యార్థిది కాదు. ఒక విభాగం ఒకే ప్రశ్నను పట్టుకుని, వరసగా నాలుగైదు బ్యాచుల విద్యార్థులు అదే రోగుల జాబితాను కొనసాగిస్తే పదేళ్ళ ఫలితం చేతికొస్తుంది. దీనికి నిధుల కన్నా విభాగాధిపతుల మధ్య ఒప్పుదల ఎక్కువ అవసరం.

కొలత కూడా మనదై ఉండాలి. చేతి పనితనానికి ప్రపంచమంతా వాడే ఒక ప్రశ్నావళిలో సీసా మూత తీయడం, కత్తితో ఆహారం కోసుకోవడం, గోల్ఫ్ ఉన్నాయి. తెలుగు రోగిని అడగాల్సినవి వేరు. ముద్ద కలుపుకోగలవా, కుచ్చిళ్ళు పోసుకోగలవా, పిల్లకు జడ వేయగలవా, కొడవలి పట్టగలవా, కాలైతే కింద కూర్చుని లేవగలవా. పెదవి చీలిన పిల్లలనే అడిగి తయారుచేసిన క్లెఫ్ట్-క్యూ ప్రశ్నావళికి మన దేశంతో సహా 12 దేశాల పిల్లలు జవాబులిచ్చారు. అలాంటిది కాలిన చేతులకు తెలుగులో కావాలి.

శిక్షణ అంటే సర్జన్ శిక్షణ ఒక్కటే అనుకోవడం వీటన్నిటి వెనకున్న అసలు లోపం. ఫ్లాప్ రంగు గంటగంటకూ చూసి, నీలం తిరిగితే అర్ధరాత్రి ఫోన్ చేసేది నర్సు. ఆ ఫోన్ రెండు గంటలు ఆలస్యమైతే ఎనిమిది గంటల ఆపరేషన్ పోయినట్టే. మెడ కాలినవాళ్ళ తలకింద దిండు పెట్టకూడదు. పెడితే గడ్డం ఛాతీ వైపు వంగిన స్థితిలోనే చర్మం ముడుచుకుంటుంది. చంక కాలితే చెయ్యి బార్లా చాపి ఉంచాలి. అరచెయ్యి కాలితే వేళ్ళు చాపి స్ప్లింటు కట్టాలి. ఇవి తెలిసిన సిబ్బంది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉంటే, తర్వాత పెద్దాసుపత్రిలో చేసే ముడతల ఆపరేషన్లలో చాలావాటి అవసరమే రాదు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదింటి రోగికి ఆపరేషన్ ఖర్చు భయం తగ్గింది, అది చాలా పెద్ద మేలు. ఆ తర్వాతి నెలల్లో కట్టాల్సిన స్ప్లింటు, ఒత్తిడి తొడుగు, వారం వారం బస్సు ఛార్జీ, పోయిన కూలి మాత్రం ఇంటివాళ్ళ మీదే పడతాయి. పిల్లలైతే ఇంకా కష్టం. ఎముక పెరిగినంతగా అతికిన చర్మం పెరగదు. మూడేళ్ళప్పుడు అరచెయ్యి కాలిన పిల్లకు పద్దెనిమిదేళ్ళు వచ్చేలోపు రెండు మూడుసార్లు ఆ చర్మాన్ని విడదీసి మళ్ళీ అతకాల్సి రావచ్చు. ఆ పదిహేనేళ్ళూ ఆమె ఏ ఊళ్ళో ఉందో, బడికి వెళ్తోందో లేదో, పలక ఏ చేత్తో పట్టిందో రాసిపెట్టే కాలినగాయాల రిజిస్టరు ప్రతి జిల్లా ఆసుపత్రిలోనూ ఉండాలి. ఆశా కార్యకర్త ఆ ఇంటికి ఎలాగూ వెళ్తూనే ఉంటుంది. ఆమె చేతిలో ఆ పిల్ల పేరూ, అడగాల్సిన నాలుగు ప్రశ్నలూ పెట్టాలి. అడిగిన పనికి ఆమెకు డబ్బూ ఇవ్వాలి.